కొన్న పుస్తకము మనదేనా?

నిత్యవ్యవహారమునందు మనము మిక్కిలి తరచుగా వాడు మాటలనే మిక్కిలి తక్కువగా విచారింతుము. "కొనుట" అట్టి మాట. అంగడికి బోయి వెల యిచ్చి వస్తువును దెచ్చుకొనుట కొనుట యని పసిబిడ్డకును దెలియును. తెచ్చుకొన్న వస్తువు తన దగుననియు, దానిని తా నుంచుకొనవచ్చుననియు, మనసైనచో తమ్మునకో చెల్లెలికో యీయవచ్చుననియు గూడ ఆ బిడ్డకు దెలియును. ఈ రెండవ తెలివిని ఎవరును వేఱుగా నేర్పరు. అది మొదటిదానిలోనే యిమిడియున్నది. కాని పుస్తకములును, పాటలును, చలనచిత్రములును డిజిటల్ రూపమున అమ్ముడుపోవుట మొదలైన యీ యిరువదియేండ్లకు బైబడిన కాలములో ఈ రెండు తెలివులును ఒండొంటినుండి విడిపోయినవి. వెల యిచ్చుట యట్లే యున్నది. వస్తువు తన దగుట మాత్రము లేదు. తెరమీద "కొనుము" అని వ్రాసియున్న మీటను నొక్కి పైక మిచ్చినవానికి లభించునది వస్తువు కాదు, వస్తువును జూచుటకు అనుమతి. ఆ యనుమతి అమ్మినవాని నియమములకు లోబడియుండును, ఒరుల కిచ్చుటకు వీలులేదు, కొన్నవానితోనే ముగియును. ఈ మార్పు ధర్మసమ్మతమైనదా, దీనివలన మన సంఘమునకు బోవుచున్న దేమి యను ప్రశ్నలను ఇందు విచారింపదలచితిని.

స్వత్వమనగా నేమి యను ప్రశ్న మన పూర్వులకు గ్రొత్తది కాదు. పడమటి చాళుక్యుడగు ఆఱవ విక్రమాదిత్యుని కాలమున (1076–1126) విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర, దాయవిభాగమును జెప్పబూనుచు ఈ ప్రశ్ననే ముందుగా నెత్తికొన్నది. స్వత్వము శాస్త్రమువలననే తెలియదగినదా, లేక లోకవ్యవహారమువలన దెలియునదా? శాస్త్రమన నేమో యెఱుగని ప్రత్యంతదేశవాసులలో గూడ క్రయవిక్రయములు జరుగుచు, ఇది నాది, అది నీది యను వ్యవహారము కానవచ్చుచున్నది గనుక స్వత్వము లౌకికమే యని విజ్ఞానేశ్వరుడు తేల్చెను. పదుమూడవ శతాబ్దమున కేతన తెనుగు చేసిన గ్రంథ మిదియే. ఆంగ్లేయుల న్యాయస్థానములలో సైతము ఆంధ్రదేశపు హిందువుల దాయవివాదములకు బ్రమాణముగా నుండిన దిదియే. ఇందు మనము గమనింపవలసిన దొక్కటి కలదు. స్వత్వ మున్నదనుటకు విజ్ఞానేశ్వరుడు చూపిన సాక్ష్యము క్రయవిక్రయములే. "కొంటిని" అనుటయు "నాది" అనుటయు ఆయన దృష్టిలో ఒకే వ్యవహారమునకు రెండు కొనలు.

తార్కికులు మఱికొంత దూరము పోయిరి. ఇచ్చవచ్చినట్లు వినియోగించుటకు దగియుండుటయే స్వత్వమని కొందఱు చెప్పిరి. రఘునాథశిరోమణి యది చాలదని స్వత్వమును వేఱొక పదార్థముగానే యెంచెను. ఆ వాదముతో మనకిప్పుడు పని లేదు. ధర్మశాస్త్రకారులు దానమునకు జెప్పిన లక్షణముతో మాత్రము పని గలదు. ఒక వస్తువునందు తన స్వత్వమును విడిచి, ఎదుటివానికి స్వత్వమును గలిగించుట దానమని వారి మతము. కాబట్టి తనకు స్వత్వము లేని వస్తువును ఎంతటి యుదారుడును దానము చేయజాలడు. ఎరవు దెచ్చిన నగను మెడలో ధరింపవచ్చును; కూతునకు బెట్టి అత్తవారింటికి బంపుటకు వీలులేదు. అనుభవమునకును స్వత్వమునకును గల భేదమంతయు ఈ యొక్క చోటనే తేటపడుచున్నది. అనుభవించువఱకు ఇద్దఱును సమానులే. ఇయ్యవలసి వచ్చినప్పుడు ఎవడు యజమానుడో, ఎవడు కాడో తెలిసిపోవును.

ఇక పుస్తకము సంగతి. అచ్చుపుస్తకమును గొన్నవానికి అందలి రచనపై హక్కు లేదు. దానిని మరల నచ్చొత్తించి యమ్ముకొనుటకు అతనికి జెల్లదు. అది గ్రంథకర్త సొత్తు, అట్లుండుట న్యాయము. కాని చేతిలోనున్న ఆ యొక్క ప్రతి కొన్నవానిది. ఈ రెండు హక్కులకును నడుమ గీత గీచిన తీర్పు అమెరికాలో 1908లో వెలువడినది. బాబ్స్-మెరిల్ అను ప్రచురణసంస్థవారు ఒక నవల నచ్చొత్తించి, దీని నెవరేని ఒక డాలరునకు దక్కువగా నమ్మినచో గ్రంథస్వామ్యమునకు భంగము చేసినట్లే యెంచెదమని అందులో ముద్రించిరి. మేసీ యంగడివారు ఆ ప్రతులను గొని 89 సెంట్లకే అమ్మిరి. తగవు అత్యున్నత న్యాయస్థానమునకు బోయెను. ఒక మారు అమ్మివేసిన ప్రతి పిమ్మట ఎంతకు అమ్ముడుపోవలయునో శాసించు హక్కు ప్రచురణకర్తకు లేదని ఆ న్యాయస్థానము తీర్మానించెను. మన 1957నాటి కాపీరైటు చట్టమును, గ్రంథకర్తకు బ్రతులను బ్రజలకు విడుదల చేయు హక్కునిచ్చుచు, అప్పటికే చెలామణిలో నున్న ప్రతులను అందులోనుండి మినహాయించినది. కొన్న ప్రతిని అమ్మవచ్చును, అరువీయవచ్చును, కానుకగా నీయవచ్చును, కొడుకునకు విడిచిపోవచ్చును.

ఈ చిన్న మినహాయింపుమీద ఎంత కట్టడము లేచినదో మన తెలుగువారు మఱవరాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలసెను. 1914లో అయ్యంకి వేంకటరమణయ్యగారి పూనికతో బెజవాడలో గ్రంథాలయముల మహాసభ కూడెను. 1918లో వేటపాలెమున సారస్వతనికేతనము పుట్టెను. 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువలో నడచు పడవమీద గ్రంథాలయమును బెట్టి, దారిపొడుగున నున్న పల్లెలకు బుస్తకముల నందించిరి. ఈ మహనీయులలో నొక్కరును గ్రంథాలయమును నడపుటకు బ్రచురణకర్తల యనుమతిని వేడవలసిన పని లేకపోయెను. పుస్తకము కొనిరి, లేదా దాతలయొద్ద దెచ్చిరి, అది వారిదయ్యెను, తమ దానిని తాము పదిమందికి జదువనిచ్చిరి. హైదరాబాదున ఆబిడ్సు కాలిబాటలమీద ఆదివారమునాడు పఱచు పాతపుస్తకముల కుప్పలును ఈ న్యాయముమీదనే నిలిచియున్నవి. ఒకడు చదివి విడిచిన పుస్తకము అందులో నాలవవంతు వెలకు మఱియొకనికి జేరుచున్నది. పేదయింటి పిల్లవాడు చదువుకొన్న పుస్తకములను లెక్కించి చూడుడు. అతడు క్రొత్తగా గొన్నవి తక్కువ. అంతకుముం దెవరో కొని, తమ స్వత్వమును విడిచి, అతని చేతిలో బెట్టినవే యెక్కువ.

ఇప్పుడు డిజిటల్ విక్రయ మెట్లు మొదలైనదో చూతము. 2003 ఏప్రిలులో ఆపిల్ సంస్థవారు ఒక్కొక్క పాటను 99 సెంట్లకు అమ్మదొడగిరి. 2007 నవంబరులో అమెజాన్‌వారు కిండిల్ అను చదువు పలకను వెలువరించి, తీగ యక్కఱలేకయే పుస్తకములను అందులోనికి బంపుట మొదలిడిరి. ఆ పుస్తకము ఒక ఫైలు. ఫైలునకు దాళము వేసియుందురు. తాళపుచెవి కొన్నవాని ఖాతాకు ముడివడియుండును. ఖాతా అమ్మినవాని యంత్రములలో నుండును. కొన్నవాడు పుస్తకమును దెఱచునప్పుడు నిజముగా దెఱచుచున్నది అమ్మినవాడే యని చెప్పవచ్చును. ఈ యేర్పాటునకు లైసెన్సు అని పేరు. మీటమీద మాత్రము "కొనుము" అనియే యుండును. లైసెన్సు మాట మీటకు క్రింద, ఎవరును జదువని దీర్ఘమైన నిబంధనల పత్రములో నుండును.

ఈ భేదము మాటల భేదమే కదా యని కొందఱనవచ్చును. అది మాటల భేదము మాత్రమే కాదని 2009 జూలైలో తెలిసినది. జార్జి ఆర్వెల్ రచించిన "1984", "ఏనిమల్ ఫార్మ్" అను గ్రంథములను హక్కులేని సంస్థ యొకటి కిండిల్ అంగడిలో నమ్మకమునకు బెట్టెను. ఆ సంగతి తెలియగనే అమెజాన్‌వారు ఆ ప్రతులను కొన్నవారి పలకలనుండియే తుడిచివైచి, పైకము తిరిగి యిచ్చిరి. వెనుకటి వ్రాతలను మాపివేయు ప్రభుత్వమును గూర్చిన నవలకే యీ గతి పట్టుట చూచి లోకము నవ్వినది. సంస్థాధిపతి బహిరంగముగా క్షమాపణ చెప్పుకొనెను. హక్కులేని ప్రతిని అమ్ముట తప్పే, తప్పును దిద్దవలసినదే. కాని అచ్చుపుస్తకముల వర్తకుడు ఇట్టి పొరపాటు చేసినచో, రాత్రివేళ మన యింటిలో జొరబడి అలమారలోని పుస్తకమును దీసికొని బల్లమీద డబ్బులు పెట్టిపోవుట కెవరును ఒప్పుకొనరు. ఇచ్చట జొరబడుట కక్కఱయే లేకపోయెను. అలమార మొదటినుండియు వర్తకునిదే.

పది సంవత్సరములకు మఱియొకటి జరిగెను. మైక్రోసాఫ్టు సంస్థవారు 2019 ఏప్రిలులో తమ పుస్తకముల యంగడిని మూసిరి. జూలైనుండి అంతకుముందు అమ్మిన పుస్తకములు తెఱచుకొనుట మానెను. వారు ధర్మముగానే ప్రవర్తించి పుస్తకముల వెల యంతయు దిరిగి యిచ్చిరి. అంతేకాక, పుస్తకముల యంచులలో వ్యాఖ్యలు వ్రాసికొన్నవారికి, ఆ వ్యాఖ్యలు పోవుచున్నందులకుగాను మఱి 25 డాలర్లు జమకట్టిరి. నేను ఈ 25 డాలర్లను గూర్చి పలుమాఱు తలపోసితిని. ఆ సంస్థవారిని నిందించుటకు గాదు. వారు చేయగలిగినది చేసిరి. కాని పుస్తకపుటంచున వ్రాసికొన్న మాటకు వెల గట్టవలసి వచ్చుట యెట్టిది? మన తాతలు తాటియాకుల యంచులలో వ్రాసిపెట్టిన టిప్పణములవలన పాఠములు నిలిచినవి, సందేహములు తీఱినవి. చదువరి పుస్తకమునకు దన పాలు చేర్చునది ఆ యంచుననే. పుస్తక మొకనిది, అంచు మఱొకనిది కాజాలదు. పుస్తకము అద్దెది యైనచో అంచున వ్రాసిన బుద్ధియు అద్దె యింటి గోడమీది వ్రాతయే.

నా యెఱుకలోని యొక సంగతి చెప్పెదను. నాతో గూడ ఒకే పాఠశాలలో నాంగ్లము బోధించిన మిత్రు డొకడు కొన్నియేండ్ల క్రిందట గతించెను. అతడు పుస్తకప్రియుడు. మొదటి పదియేండ్ల జీతములలో గొన్న పుస్తకములు రెండు అలమారలు నిండియుండెను. కడపటి పదియేండ్లలో గొన్నవన్నియు పలకలో నుండెను. కర్మలు ముగిసిన పిదప అతని కుమారుడు అలమారలలోని పుస్తకములను బాఠశాలకు దెచ్చి యిచ్చెను. వానిలో గొన్నిటియందు మా మిత్రుని చేతివ్రాత యున్నది. పదవతరగతి పిల్లలు నేటికిని దానిని జదువుచున్నారు. పలకలోని పుస్తకముల మాట యేమని కుమారుడు అమ్మినవారికి వ్రాసి యడిగెను. ఖాతా ఒకరి పేరిటనుండి మఱొకరి పేరిటికి మాఱదని సమాధానము వచ్చెను. అలమారలలోని వాని కన్న పలకలోనివే వెలలో నెక్కువ యని కుమారుడు చెప్పెను. ఆ తండ్రి చదువునందు సగము పిల్లలకు దాయముగా వచ్చెను. సగము అతనితోనే కాలిపోయెను. మితాక్షర యెత్తిన దాయప్రశ్న మన యిండ్లలోనికి ఈ రూపమున దిరిగివచ్చినది. ఇట్టి నియమము ఒక్క సంస్థదే యని తలపరాదు. ఆపిల్‌వారు 2021లో, మరణానంతరము తన ఖాతాను జూచుటకు ఒకరిని ముందే పేర్కొను నేర్పాటు చేసిరి. ఛాయాచిత్రములు, ఉత్తరములు ఆ పేర్కొన్నవానికి జేరును. లైసెన్సుమీద గొన్న పాటలును, చలనచిత్రములును, పుస్తకములును జేరవు.

ఇందుకు మాఱుగా జెప్పదగిన వాదములు కలవు. వానిని దేలికగా ద్రోసిపుచ్చుట న్యాయము కాదు.

మొదటిది చవుకను గూర్చినది. 2016 తరువాత మన దేశమున అంతర్జాలపు వెలలు పడిపోయి, సెల్‌ఫోను లేని యిల్లు అరుదైనది. నెలకు గొంత చందా గట్టినచో వేలకొలది పాటలు, చిత్రములు, పుస్తకములు చేతిలో నుండును. పట్టణమున గూడ దొరకని గ్రంథము పల్లెలోని విద్యార్థికి క్షణములో లభించుచున్నది. కన్నులు లేనివారికి ఫోను చదివి వినిపించుచున్నది. పెద్దలకు అక్షరములు పెద్దవగుచున్నవి. ఇది గొప్ప మేలు. దీనిని కాదనువాడు చదువునకు మిత్రుడు కాడు. చందా పద్ధతిని నేను నిందింపను. అందు మాటయు జేతయు ఒకటిగానే యున్నవి: చందా కట్టినంతకాలము చూడుము, మానినచో లేదు. డేరాసినిమాకు టికెట్టు కొన్నవాడు డేరా తనదని యనుకొనడు. అద్దె అద్దెగా జెప్పబడినప్పుడు అందు మోసము లేదు. నా యాక్షేపణ అద్దెకు గ్రయమని పేరు పెట్టి, క్రయపు వెల పుచ్చుకొనుటను గూర్చియే.

రెండవ వాదము ఫైలు స్వభావమును గూర్చినది. అచ్చుపుస్తకమును నేను మీకిచ్చినచో నాయొద్ద నుండదు. ఫైలును మీకు బంపినచో నాయొద్దను ఉండును, మీయొద్దను ఉండును. పదిమందికి బంపినచో పదిప్రతు లగును. గ్రంథకర్త నోట మన్ను పడును. 2018లో అమెరికాలో రీడిజి యను సంస్థ వ్యాజ్యమునందు అప్పీలు న్యాయస్థానమును, 2019లో ఐరోపా న్యాయస్థానమును, పాత ఫైళ్లను మాఱు బేరమున కమ్ముట చెల్లదని చెప్పుటకు మూలమైన భయ మిదియే. ఈ భయము నిజమైనది. గ్రంథకర్తకు గూడు దొరకవలెను. దొంగప్రతులను పంచువాడు దాత కాడు, తనకు స్వత్వము లేనిదానిని బంచుచున్నాడు గనుక.

కాని యీ వాదము చేయువారు తమ తాళమును దాము మఱచుచున్నారు. ప్రతి యొక్కటియే యుండునట్లు చేయుటకే గదా తాళము పుట్టినది? ఒక తాళపుచెవిని నాయొద్దనుండి మీయొద్దకు మార్చినచో నాకు దెఱచుకొనదు, మీకు దెఱచుకొనును. ప్రతు లెక్కువ కావు. ఇది యూహ కాదు. 2010లో అమెజాన్‌వారే, ప్రచురణకర్త యొప్పుకొన్న పుస్తకములను కొన్నవాడు మఱొకరికి ఒక్క మాఱు 14 దినములపాటు అరువిచ్చు నేర్పాటు చేసిరి. ఆ 14 దినములును కొన్నవానికి ఆ పుస్తకము తెఱచుకొనకుండెను. పదునాలుగు దినములకు మాఱగల తాళపుచెవి యెల్లకాలమునకును మాఱగలదు. అరువుగా బోగలది కానుకగా బోగలదు, దాయముగా బోగలదు. కావున లేనిది సాధ్యత కాదు, సమ్మతి. ఇంకొక నిదర్శనము గలదు. 2009లో ఆపిల్‌వారు తా మమ్ము పాటలకు దాళము తీసివేసిరి. పాటల వ్యాపారము దానివలన మూతపడలేదు. తాళము లేనిదే గ్రంథకర్త బ్రదుకడనుటయు పూర్తిగా నిజము కాదన్న మాట.

మూడవ వాదము సమ్మతిని గూర్చినది. నిబంధనలను అంగీకరించితినని కొన్నవాడే మీట నొక్కినాడు గదా, ఇక నేడ్చుట యెందులకు అందురు. లోకమున సమ్మతికి రెండు నియమములు గలవు: తెలిసి యొప్పుకొనవలెను, కాదనుటకు వేఱు మార్గ ముండవలెను. పెద్దయక్షరములతో "కొనుము" అనియు, చిన్నయక్షరములతో "ఇది నీది కాదు" అనియు చెప్పినప్పుడు కొన్నవాడు దేనికి సమ్మతించినట్లు? సంతలో ఎద్దును అమ్ముచు, పలుపును మాత్రము నా చేతిలోనే యుంచుకొందునని చెవిలో గొణిగినవానిని మన రైతు లేమందురో యెల్లరు నెఱుగుదురు. ఈ యన్యాయమును గుర్తించియే అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమువారు 2024లో ఒక చట్టము చేసిరి. అది 2025 జనవరి 1నుండి అమలులోనికి వచ్చినది. డిజిటల్ వస్తువును అమ్మువాడు, ఇది లైసెన్సు మాత్రమే యని స్పష్టముగ దెలుపక "కొనుము" అను మాటను వాడరాదని ఆ చట్టము శాసించినది. ఎప్పటికిని తనయొద్ద నుంచుకొనునట్లు ఫైలును దింపుకొననిచ్చు వర్తకునికి ఈ నిర్బంధము లేదు. చట్టము మంచిదే గాని, అది మాటను మాత్రమే సరిచేయుచున్నది. వస్తువును దిరిగి యిచ్చుట లేదు. ఆ యేడాదియే ఫిబ్రవరి 26 తరువాత, కిండిల్ పుస్తకములను కంప్యూటరులోనికి దింపుకొని తీగద్వారా పలకకు జేర్చుకొను పాతసౌకర్యమును అమెజాన్‌వారు ఎత్తివేసిరి. మాట నిజమునకు దగ్గఱ యగుచుండగా, వస్తువు చేతికి మఱికొంత దూరమైనది.

ఇప్పుడు గ్రంథాలయముల సంగతి. చందా కట్టలేనివానికి గ్రంథాలయమే దిక్కని వెనుక జెప్పితిని. డిజిటల్ పుస్తకమును గ్రంథాలయము సైతము కొనజాలదు. అదియు లైసెన్సే తీసికొనవలెను. 2011లో హార్పర్‌కాలిన్స్ అను ప్రచురణసంస్థవారు, తమ డిజిటల్ పుస్తకమును గ్రంథాలయము 26 మాఱులు అరువిచ్చిన పిమ్మట లైసెన్సు తీఱిపోవుననియు, మరల గొనవలెననియు నియమము పెట్టిరి. అచ్చుపుస్తకము చివికిపోవుట కాలధర్మము. దానిని అట్టవేసి, కుట్టి, ఇంక నైదేండ్లు నిలుపుకొను గ్రంథపాలకుల నెందఱనో చూచియున్నాము. చివుకని వస్తువునకు జావు తేదీని గట్టుట మనుష్యుని యేర్పాటు. పడవమీద బుస్తకములు మోసినవారికి ఇట్టి నియమ మున్నచో, ఇరువదియాఱవ పల్లె దాటగనే పుస్తకమును కాలువలో బాఱవేయవలసి యుండెడిది.

ఈ విషయమున మనకు బోవుచున్నది సొత్తు మాత్రమే యైనచో నే నింత వ్రాయకపోదును. సొత్తు లేకుండ బ్రదుకుట పెద్దలు మెచ్చిన మార్గమే. కాని అపరిగ్రహ మనునది తనంతట విడుచుట. ఇది విడుచుటకు నేమియు లేకుండ జేయుట. పోవుచున్నది ఇచ్చునలవాటు. చదివిన పుస్తకమును మఱొకని చేతిలో బెట్టుట చిన్న పని వలె దోచును. కాని అందులో, ఇది నన్ను మార్చినది, నిన్నును మార్చవచ్చును, అను నమ్మక మున్నది. పుచ్చుకొన్నవానికి పుస్తకముతోపాటు ఆ నమ్మకమును జేరును. తరగతిలో వెనుక బల్లమీద గూర్చుండు పిల్లవానికి ఉపాధ్యాయుడు తన పుస్తకము నిచ్చినపుడు ఆ పిల్లవాడు నిటారుగా గూర్చుండుటను మా వృత్తిలోని వారెల్లరును జూచియుందురు. లంకె పంపినచో అట్లు జరుగదు; లంకె నాది కాదని వానికిని దెలియును. పుస్తకములు పరహస్తగతమైన తిరిగి రావని పెద్దలు గొణుగుచునే యుండిరి, గొణుగుచునే యిచ్చుచుండిరి. తిరిగి రాకపోవుటవలననే గదా పుస్తకములు ఊరూర బాకినవి?

చందావలన పేదవానికి బుస్తకము చేరుట లేదా యని మరల నడుగవచ్చును. చేరుచున్నది, కాని ఎవరివలన జేరుచున్నదో చూడవలెను. ఇదివఱకు ఒక యూరిలో నూఱుగురు పుస్తకములు గొన్నచో నూఱుగురు దాత లుండిరి. ఒకడు లోభి యైనను మఱొకడు ఇచ్చువాడుండెను. ఇప్పుడు లక్షమంది చదువరులకు దాత యొక్కడే, వర్తకుడు. అతడు వెల పెంచినను, పుస్తకమును దీసివైచినను, అంగడి మూసినను లక్షమందికి నొకమాఱే చీకటి యగును. పదిమంది చేతులలో జెదరియున్న స్వత్వము సంఘమునకు రక్ష. మన ప్రాచీనగ్రంథములు నేటివఱకు నిలుచుట కొక కారణము, ఏ యొక్కరి యింటిలోను అవి యన్నియు లేకపోవుట. ఒకచోట చెద తిన్నను, ఒకచోట నగ్ని కాహుతియైనను, వేఱొక గ్రామమున వేఱొక ప్రతి బ్రదికియుండెను.

కాబట్టి చేయదగిన దేమి? అమ్మువారు మాటను నిలుపుకొనవలెను: అద్దె యైనచో అద్దె యనవలెను, అమ్మకమైనచో కొన్నవాడు తాళపుచెవిని ఒరుల కిచ్చుటకును, వారసులకు విడుచుటకును వీలు కల్పింపవలెను. చట్టము చేయువారు, అచ్చుప్రతికి గల్పించిన మినహాయింపును, ఒక్క ప్రతి యొక్కరియొద్దనే యుండునను కట్టుబాటుతో, డిజిటల్ ప్రతికిని గల్పింపవలెను; గ్రంథాలయములకు దీని నందఱికంటె ముందుగా నీయవలెను. మన తెలుగు ప్రచురణకర్తలు చిన్నవారు. వారికి బెద్దసంస్థల తాళములతో బని లేదు. చదువరిని నమ్మి, తాళము లేని ఫైలును సరసమైన వెలకు అమ్మిన చోట, చదువరి యా నమ్మకమును నిలుపుకొనుట తన ధర్మమని తెలిసికొనవలెను. హక్కుల కాలము గడచిన గ్రంథములను వికీసోర్సునందు ఉచితముగ నక్షరబద్ధము చేయుచున్న తెలుగువారి శ్రమలో మనమును జేయి కలుపవచ్చును. అచ్చట జేరిన పుస్తకము అందఱిది, ఎవరును దుడిచివేయరు.

చదువరి తనంతట దాను చేయగలది యింకొకటి కలదు. వెల యిచ్చుటకు ముందు ఒక ప్రశ్న వేసికొనవలెను: దీనిని నే నెవరికైన నీయదలచుకొందునా? ఒకమాఱు చూచి మఱచు చిత్రమునకు, ప్రయాణములో వినిపోవు పాటకు, పరీక్షకు మాత్రము చదువు పొత్తమునకు అద్దె చాలును. చందా కట్టి సుఖముగా ననుభవింపవచ్చును. బిడ్డలు చదువవలెనని కోరు పుస్తకమును, శిష్యున కీయదలచిన గ్రంథమును, అంచున దన యాలోచన వ్రాసి విడువదలచిన దానిని కాగితముమీదనో, తాళము లేని ఫైలుగానో కొనవలెను. వెల కొంచె మెక్కువ యగును. ఆ యెక్కువ యగునది చదువుటకు గాదు, ఇచ్చుటకు జెల్లించు వెల. ఇంటిలో బదివేల పుస్తకము లుండనక్కఱలేదు. మనము పోయిన తరువాత మఱొకరి చేతిలో దెఱచుకొనగలవి పది యున్నను అవి మనము కొన్నవే. తక్కినవి చదివితిమి, అంతే.